పాతూరి మీద ఏమీ లేదు

1వ రోజు. నీరు 31. గాలి నైరుతి.
చేప – వాళ్ళు చెప్పింది: ఏమీ లేదు. నేను చూసింది: ఇరవై ఆరు బుట్టలు.

కొత్త పుస్తకం మొదలుపెట్టాను కాబట్టి ముందు నా గురించి ఒక ముక్క. నా పేరు గనగళ్ల మరిడమ్మ. గవ్వలపాలెం ఒడ్డు లేఖరిని. తీరశాఖ వాళ్ళు ఇసకలో నిలబెట్టిన మాట్లాడే యంత్రానికి ఉప్పు తుడవడం, ఎండపలకలు కడగడం, దాని నెత్తికెక్కిన పీతల్ని దింపడం నా ఉద్యోగం. ఏదైనా తుపానుకి యంత్రం పోతే వివరాలు పోకుండా చేత్తో ఒక పుస్తకం కూడా రాయాలని రూలు పెట్టారు. మూడేళ్ళుగా రాస్తున్నాను. ఇంతవరకు ఒక్కరూ తెరిచి చూడలేదు. అందుకే ఇందులో నిజాలు రాస్తుంటాను.

యంత్రానికి శాఖ పెట్టిన పేరు చాంతాడంత ఉంది. ఊళ్ళో అందరూ దాన్ని ఆడపడుచు అంటారు. ఎక్కడికెళ్ళావు, ఏం తెచ్చావు, ఎంత తెచ్చావు అని వచ్చిన ప్రతివాణ్ణీ ఆరా తీస్తుంది మరి. అన్ని ఊళ్ళ జవాబులూ కలిపి చూసుకుని, చల్లనీరు ఎటు జరిగిందో, చేప దాని వెనక ఎటు పోయిందో మర్నాడు చెప్పడం దాని పని. పనికొచ్చే పనే. సముద్రం వేడెక్కాక తాతలనాటి చోట్లలో చేప నిలవడం లేదు. కవ్వళ్ళు ఒక ఏడు ఉత్తరానికి పోతాయి, ఒక ఏడు లోతుకి పోతాయి, ఒక ఏడు మనమీద అలిగినట్టు అసలు కనిపించవు.

చిక్కల్లా ఏమిటంటే ఆడపడుచుకి మావాళ్ళు నిజం చెప్పరు. పడిన చేప పైకి చెప్పుకుంటే దిష్టి. పడిన చోటు చెప్పడమంటే ఇంటి తాళాలు దొంగ చేతిలో పెట్టడమే. ఆ చోటు తండ్రి కొడుక్కి చెప్తాడు, అదీ నోట్లో తులసినీళ్ళు పోసే వేళకి. పడవ ఎటు పోయిందో పట్టిచ్చే జాడబిళ్ళలు తగిలించి చూశారు. మూడోనాటికి నలభై ఒక్క బిళ్ళలూ గంగమ్మ గుడి గూట్లో కుంకుమబొట్లతో కనిపించాయి. శాఖ మరి మాట్లాడలేదు.

కాబట్టి రోజూ ఇదే తంతు. తొమ్మిదింటికి, ఎండ ముదిరింది నీడకి పొమ్మని ఎండకూత మోగేలోపు పడవలన్నీ వచ్చేస్తాయి. ఆడపడుచు తియ్యగా అడుగుతుంది: “అన్నగారూ, ఈ రోజు వల ఏ ప్రాంతంలో వేశారు?”

“పాతూరి మీద,” అంటాడు మొదటివాడు. “ఏటీ నేదు.”

రెండోవాడూ అంతే. నలభయ్యోవాడూ అంతే. పాతూరంటే మా పాత గవ్వలపాలెం. ఇరవై రెండేళ్ళ క్రితం సముద్రం మింగేసింది. ఇప్పుడు నీళ్ళ కింద మొండిగోడలూ స్తంభాలూ తప్ప ఏమీ లేవు, వల వేస్తే చిరగడం ఖాయం. ఎవరూ అటు పోరు. అందుకే అందరూ అటే పోయామంటారు. అలా చెప్తే వెనకాల ఎవడూ పడడు.

మా అయ్య దానయ్య ఎప్పుడూ అందరికన్నా ఆఖరున వస్తాడు. డెబ్భై ఏళ్ళు. ఇవాళ కూడా రెండు పండుగప్పల్ని తడిగుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని, ఆడపడుచు ముందు నిలబడి, “పాతూరి మీదే తల్లీ. ఏటీ నేదు” అన్నాడు. మూడేళ్ళుగా రాస్తున్నట్టే అతని పేరు పక్కన రాశాను: రెండు అబద్ధాలు. చోటు ఒకటి, చేప ఒకటి.

4వ రోజు. నీరు 32. గాలి లేదు.
చేప – వాళ్ళు చెప్పింది: ఏమీ లేదు. నేను చూసింది: పంతొమ్మిది బుట్టలు, ఒక సొర.

సొరని కూడా ఏమీ లేదనే అన్నారు. ఆరడుగుల సొరని నలుగురు మోసుకొస్తూ, దాని తోక ఆడపడుచు మొహానికి తగులుతుండగా, ఏమీ లేదన్నారు.

ఇవాళ శాఖ నుంచి మూడేళ్ళ వేటపటం వచ్చింది. గంగమ్మ గుడి అరుగు మీద పరిచాను. సముద్రమంతా తెల్లగా ఉంది. పాతూరి మీద ఒక్కటే నల్లచుక్క. నలభై ఒక్క పడవలు, మూడేళ్ళు, రోజూ అక్కడికే, రోజూ ఏమీ లేదు. అడుగున ఆడపడుచు అభిప్రాయం అచ్చువేశారు: “ఒక్క చేపైనా దొరకని చోటికి ఈ గ్రామస్థులు ప్రతిదినం వెళుతున్నారు. ఆ చోట వారి మునిగిపోయిన ఇళ్ళున్నాయి. దీనికి వేటతో సంబంధం లేదు. ఇది దుఃఖం.”

లచ్చుమయ్య మావ మా ఊరి పెద్ద. కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివించుకున్నాడు. “దుక్కమా? ఎవులికి?” అన్నాడు.

“నీకే మావా. నీ పేరు మొదటుంది.”

“నాకు దుక్కమేటే? ఇయాలేగదా సొర పడింది!” అని నోరు జారి, చుట్టూ చూసి, “...పడింది అనీసి కల వచ్చింది” అని దిద్దుకున్నాడు.

ఓదార్చడానికి మనిషిని పంపుతున్నారట. అందరూ నవ్వుకున్నారు. మా అయ్య నవ్వలేదు. సోములమ్మ పిన్ని ఇంట్లో నీళ్ళకుండ పగిలిందని తెలిసి, పెంకులు అడిగి తెచ్చుకుని పడవలో వేసుకుంటున్నాడు. ఊళ్ళో ఏ కుండ పగిలినా, ఏ నూతి సిమెంటు ఒర విరిగినా అతనికే. పాతపడవ తేలికైపోయి ఊగుతోందని బరువుకి వేసుకుంటాడని అనుకుంటాం. ఆ బరువు రోజూ ఎలా తగ్గుతుందో నేను ఎప్పుడూ అడగలేదు.

7వ రోజు. నీరు 31. గాలి నైరుతి.
చేప – వాళ్ళు చెప్పింది: ఏమీ లేదు, కన్నీళ్ళతో. నేను చూసింది: ముప్పై బుట్టలు.

ఓదార్పు అధికారి వచ్చాడు. పేరు సుహాస్. సన్నగా, మెత్తగా, అప్పుడే కడిగిన పళ్ళెంలా ఉన్నాడు. ఒక పెట్టెనిండా చేతిరుమాళ్ళు, ఇంకో పెట్టెనిండా ఇడ్లీలు తెచ్చాడు. ఎండకూత అయ్యాక వలల పాకలో అందర్నీ చుట్టూ కూర్చోబెట్టాడు.

“మీరెవరూ సిగ్గుపడక్కర్లేదు,” అన్నాడు. “రోజూ పాతూరి మీదకి ఎందుకు వెళ్తున్నారో నాకు తెలుసు.”

నలభై మంది గుండెలూ ఒక్కసారి ఆగాయి. లచ్చుమయ్య మావ నోట్లో ఇడ్లీ అలాగే ఉండిపోయింది. “ఏటి తెలుసు బాబూ తమకి?” అన్నాడు చిన్నగొంతుతో.

“మీరు చేపల కోసం వెళ్ళడం లేదు.”

“...నేదా?”

“మీ ఇంటిని చూసుకోవడానికి వెళ్తున్నారు.”

లచ్చుమయ్య మావ మొహంలో ప్రాణం తిరిగొచ్చింది. కాదంటే మరెక్కడికి వెళ్తున్నావని అడుగుతారు. తువ్వాలు తీసి కళ్ళకద్దుకున్నాడు. “అవును బాబూ. దాసిపెట్టి ఏటి సేస్తాను. మా ఇల్లు ఆడుంది. పెరట్లో జాంసెట్టు. ఆ కాయల తీపి...”

“ఆ సెట్టు మాది,” అంది వెనకనుంచి సోములమ్మ పిన్ని. “కాయలు దొంగతనంగా కోసుకెల్లింది నువ్వు.”

అయినా సుహాస్ రుమాలు అందించాడు. రుమాలు మంచి నూలుది. అది చూశాక మిగతావాళ్ళకి కూడా దుఃఖం వచ్చింది. ఒకడు గేదె కోసం ఏడ్చాడు. ఒకడు గుమ్మం కోసం ఏడ్చాడు. సింహాచలం కూడా ఏడ్చాడు. ఊరు మునిగేనాటికి వాడింకా పుట్టలేదు. ఎవరు ఎక్కువ ఏడుస్తారో అని పోటీ పడి, ఆఖరుకి ఇద్దరు కొట్టుకోబోయారు.

సుహాస్ మా అయ్య దగ్గర గొంతుక్కూర్చున్నాడు. “పెద్దాయనా, అక్కడికి వెళ్తే మీకెలా ఉంటుంది?”

మా అయ్య ఇడ్లీ ముక్క చట్నీలో అద్దుకుంటూ ఆలోచించాడు. “బాగుంటాది బాబూ,” అన్నాడు. “ఈ రెండేల్లనుండి మరీ బాగుంటంది.”

సుహాస్ అతన్ని జాలిగా చూసి, తన పలకలో ఏదో రాసుకున్నాడు. నేను తొంగిచూశాను. “తీవ్రం” అని ఉంది.

9వ రోజు. నీరు 33. వేటకు సెలవు.
చేప – వేట లేదు. ఉన్నా అదే మాట.

నీరు ముప్పై మూడు డిగ్రీలకి చేరితే చేపకీ మనిషికీ మంచిది కాదని ఆ రోజు వేట ఆపేస్తారు. అలాంటి రోజునే ఉత్తరువు వచ్చింది.

సుహాస్ మంచివాడు. మావాళ్ళ ఏడుపు చూసి నిజంగా కదిలిపోయాడు. అతని నివేదిక చదివి శాఖ కూడా కదిలిపోయింది. గవ్వలపాలెం సముద్రం చచ్చిపోయిందట. జనం జ్ఞాపకాల్లో చిక్కుకుపోయారట. కాబట్టి వచ్చే నెల నుంచి రేవు మూసేసి, ఊరు మొత్తాన్ని అరవై కిలోమీటర్ల లోపలికి, అల చప్పుడు వినిపించని మెట్టకి మారుస్తారట. అక్కడ పీతల చెరువులు తవ్వారు. పడవల్ని పట్నం పార్కుల్లో పూలతొట్లుగా వాడతారట.

“నా పడవలో బంతిమొక్కలా!” అన్నాడు లచ్చుమయ్య మావ. ఈసారి వచ్చిన కన్నీళ్ళు నిజమైనవి. రుమాలు ఇచ్చేవాడు లేడు.

అభ్యంతరం ఉంటే పదిహేడో రోజుకల్లా నలభై ఒక్క పడవల వేటచోట్లతో సరైన పటం ఇవ్వాలి. లేఖరి దాన్ని ధ్రువీకరించాలి. అలా వచ్చిన పటం అన్ని ఊళ్ళ యంత్రాల పలకల మీదా అందరికీ కనిపించేలా వేస్తారు.

నాకు భయం వేసింది. నా ఉద్యోగం గురించి కాదు, ఉప్పు తుడిచే పని పోతే ఎవరూ ఏడవరు. మా అయ్య అల చప్పుడు లేకపోతే నిద్రపోలేడు. అమ్మ పోయాక రెండు నెలలు పట్నంలో మా అత్త ఇంట్లో ఉంచితే, కళ్ళు మూయక సగమై తిరిగొచ్చాడు. ఈ వయసులో అతన్ని చెరువుగట్టున కూర్చోబెడితే ఏడాది బతకడు. సాయంత్రం ఆ సంగతి చెప్తే, “నాను రాను. మీరెల్లండి” అని కుండపెంకులు సర్దుకున్నాడు.

11వ రోజు. నీరు 31. గాలి నైరుతి.
చేప – వాళ్ళు చెప్పింది: కింద చూడండి. నేను చూసింది: ఇరవై రెండు బుట్టలు.

నిన్న ఊరంతా కూడింది. నిజం చెప్పాల్సిందేనని అందరూ ఒప్పుకున్నారు. ముందు ఎవరు చెప్పాలన్న దగ్గర మూడుగంటలు గడిచింది.

“ఊరి పెద్దవి, నువ్వు సెప్పు.”

“నాను ఆకర్న సెప్తాను. పెద్దోడికి మరియాదుంటాదా నేదా?”

ఆఖరుకి ఆడపడుచు చుట్టూ చీరలు కట్టి గది చేద్దామని, ఒక్కొక్కరే లోపలికెళ్ళి దాని చెవిలో చెప్పి రావాలని తేల్చారు. ఇవాళ పొద్దున అలాగే చేశాం. సోములమ్మ పిన్ని నాలుగు పాతచీరలిచ్చింది. మగవాళ్ళు గుళ్ళోకి వెళ్ళినట్టు కాళ్ళు కడుక్కుని మరీ వెళ్ళారు. అందరూ వచ్చాక పటం తీయించాను.

పదమూడు పడవలు ఒకే రాయి మీద ఉన్నాయి. అది లచ్చుమయ్య మావ చోటని పదమూడుమందికీ అనుమానం. తమది చెప్పకుండా ఆయనది చెప్పారు. ఏడు పడవలు పక్కూరి లైట్‌హౌస్ మెట్ల మీద ఉన్నాయి. మిగతావి ఓడలు తిరిగే దారిలో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఒక పడవ జిల్లా కేంద్రం బస్టాండులో, తాగునీటి కుళాయి పక్కన ఉంది. అది లచ్చుమయ్య మావది. చోటు గుర్తు చెప్పే అంకెలు వెనకనుంచి ముందుకి చెప్పాడట.

“అన్నగారూ,” అంది ఆడపడుచు, దాని గొంతులో మొదటిసారి అలసట విన్నాను, “దయచేసి సముద్రంలో ఉన్న చోటు చెప్పండి.”

నేను గట్టిగా కేకలేశాను. ఊరు పోతుంటే ఈ వేషాలేమిటని అడిగాను. లచ్చుమయ్య మావ నేలచూపులు చూశాడు. “ఏటి సెయ్యమంటావే మరిడీ. నిజం గొంతుకాడికొచ్చి ఎనక్కెల్లిపోతంది. అలవాటు నేదు.”

మా అయ్య మాత్రం చీర తప్పించుకుని లోపలికెళ్ళి, బయటున్న అందరికీ వినిపించేలా చెప్పాడు. “పాతూరి మీద. ఏటీ నేదు.”

ఆ క్షణంలో మా అయ్య మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మీదా రాలేదు. మిగతావాళ్ళు కనీసం అబద్ధం మార్చారు.

13వ రోజు. నీరు 31. గాలి తూర్పు.
చేప – వాళ్ళు చెప్పింది: రాయడం మానేశాను. నేను చూసింది: ఇరవై ఎనిమిది బుట్టలు.

నిన్న పొద్దున సోములమ్మ పిన్ని కత్తిపీట పక్కన కూలబడి నా గోడు చెప్పుకున్నాను. ఎండకి చేప తొందరగా పాడవుతోందని పదేళ్ళుగా ఒడ్డునే కడుపు కోసి పంపాలని నియమం. ఆ పని ఆడవాళ్ళది. పిన్ని తల ఎత్తకుండా వంజరం కోస్తోంది.

“లచ్చుమయ్యకేటి, ఉత్తరపు బురదలో ఏస్తాడు,” అంది. “పద్దినిమిది బారల లోతు.”

నేను నోరు తెరిచాను. “నీకెలా తెలుసు?”

“నీకు సేపలగ కనిపిస్తంది. నాకు కడుపు కనిపిస్తంది.” కత్తితో పేగు చీల్చి చూపించింది. “ఇదిగో, ఎర్రబురద, సిన్న రొయ్య. ఈ రొయ్య ఆ ఒక్క బురదలోనే ఉంటాది. ఇది సింహాసెలం సేప. గవ్వపొడి సూడు, ఇసకదిబ్బ కాడ పట్టినాడు. ఇది మా ఆయనది. సగం అరిగిన నెత్తల్లు. సల్లనీరు పైకొచ్చేకాడ తప్ప నెత్తల్లు ఈ కాలంలో ఏడున్నాయి? నాకు తెలీదనుకుంటన్నాడు.”

“ఎన్నాళ్ళనుంచి తెలుసు పిన్నీ?”

“పెల్లయిన కాడినుండి.”

“మరి ఎప్పుడూ చెప్పలేదేం?”

పిన్ని అప్పుడు తల ఎత్తింది. “అడిగినోల్లెవులే?”

నిజమే. ఆడపడుచు పడవ దిగినవాళ్ళనే అడుగుతుంది. నేనూ అంతే. కత్తిపీటల ముందు పదిహేనుమంది ఆడవాళ్ళు సముద్రం మొత్తాన్ని విప్పి చూస్తుంటే, నేను నాలుగడుగుల దూరంలో పీతల్ని దింపుకుంటూ కూర్చున్నాను.

నిన్నా ఇవాళా ఆడవాళ్ళు చీరల గదిలోకి వెళ్ళారు. ఒకే షరతు పెట్టారు: చోటు చెప్తాం, చేప చెప్తాం, ఎవరిదో చెప్పం. ఎవరి పడవ ఏదో ఎప్పటికీ బయటికి రాదు. లోపల ఒకటే నవ్వులు. ఆడపడుచు కూడా ఒకసారి నవ్వినట్టు వినిపించింది, దానికి నవ్వడం వచ్చని నాకు తెలియదు.

పటం నిండింది. కవ్వళ్ళు లోతుకి జరిగాయి. కానాగంతలు ఉత్తరానికి పోయాయి. దక్షిణంనుంచి రెండు కొత్తరకాలు వచ్చి మా చేపలతో కలిసి తిరుగుతున్నాయి. పదకొండు పడవలు ఒకే చల్లనీటి పాయ మీద వేటాడుతున్నాయి. ఒకరికొకరు ఎదురుపడినప్పుడు మొహాలు తిప్పుకుని, చూడలేదని మనసులోనే ఒప్పందం చేసుకుని, మూడేళ్ళు గడిపారు.

నలభై పడవలు తేలాయి. ఒకటి మిగిలింది. పిన్ని నన్ను పక్కకి పిలిచింది.

“మీ అయ్య సేపల సంగతి నానెవులికీ సెప్పనేదు. నీకే సెప్తన్నాను. ఆటి కడుపులో సున్నం పెచ్చులుంటాయి. గోడలకి ఏసే సున్నం. పెంకు నలుసులుంటాయి. నడిసంద్రంలో గోడ ఏడుందే?”

అయ్య పడవెక్కి నా కళ్ళతో చూడాలని అప్పుడే అనుకున్నాను.

15వ రోజు. నీరు 30. గాలి తూర్పు.
చేప – కింద రాశాను.

పొద్దు పొడిచాక అయ్యతో పడవలో వెళ్ళాను. రానంటాడనుకున్నాను. “కూకో” అని పెంకుల బుట్ట పక్కకి జరిపాడు, అంతే. అరగంటలో తెరచాప దించాడు. అడుగున గాజుపలక బిగించిన బకెట్టు నా చేతికిచ్చాడు. “నీల్ల మీదెట్టి సూడు.”

చూశాను. ముందు నీటితొట్టి స్తంభాలు కనిపించాయి. తర్వాత వీధి. పెంకులు పోయిన కప్పులు, మొండిగోడలు, వాటి మధ్య సిమెంటు ఒరలు దొంతరలుగా, వందల కుండలు నోళ్ళు తెరుచుకుని. ప్రతి కుండలోంచీ ఒక తల బయటికి చూస్తోంది. వెండిరంగు పిల్లచేపలు సందుల్లోంచి సందుల్లోకి బడి వదిలినట్టు పరిగెడుతున్నాయి. ఊరు ఎప్పుడూ అంత సందడిగా లేదు, మేమున్నప్పుడు కూడా.

“అది మనిల్లు,” అన్నాడు అయ్య. “అదిగో రుబ్బురోలు. వంటింట్లో, మీ అమ్మ పొయ్యికాడ, ఒక పండుగప్ప కాపరమెట్టింది. ముసిల్ది. దాన్ని పట్టను. పలకరించీసి వచ్చేస్తాను.”

బకెట్టులోకి నీళ్ళెక్కడివని చూస్తే అవి నావే.

“పదకొండేల్లయినాది,” అన్నాడు అయ్య. “ఓ కుండ పడిపోతే మర్నాడు అందులో సేప కనిపించింది. అలగ మొదలెట్టినాను. నీడ దొరికితే ఏడిలో కూడా నిలబడతాయి. రోజుకి రెండు, గేలంతోటి. వలెయ్యకూడదు ఈడ. ఇవి పెరిగి అటేపెల్లిపోతాయి మరిడీ. లచ్చుమయ్య పట్టేదీ, సింహాసెలం పట్టేదీ ఈ ఈది పిల్లల్నే.”

“మరి నాకెందుకు చెప్పలేదయ్యా? కొడుకుని కాననా?”

అయ్య నావైపు వింతగా చూశాడు. “సెప్పనేదేటి? రోజూ సెప్పినాను. ఒడ్డున, అందరి ముందల, పేరెట్టి సెప్పినాను. నువ్వేటి రాసుకున్నావు?”

మూడేళ్ళు, రోజూ, అతని పేరు పక్కన, నా చేత్తో: రెండు అబద్ధాలు. సిగ్గుతో చచ్చిపోయాను. ఊళ్ళో అందరూ చెప్పే అబద్ధమే మా అయ్య నిజమని నాకు ఒక్కరోజు తట్టలేదు.

“ఒకటే అబద్దం,” అన్నాడు అయ్య, నా మొహం చూసి నవ్వుతూ. “సేప ఏటీ నేదన్నది. అది మా అయ్య నేర్పినాడు, ఒగ్గలేను.”

తిరిగొస్తుంటే సంగతంతా అర్థమైంది. నలభై ఒకటో పడవ చోటు పటంలో లేకపోతే ఊరు మెట్టకెక్కుతుంది. ఉంటే ఆ పటం అన్ని ఊళ్ళ పలకల మీదా వస్తుంది. వారంలో చుట్టుపక్కల వలలన్నీ మా వీధిలో దిగుతాయి. అయ్యని అడిగాను, ఏం చెయ్యమంటావని.

“లేకరివి నువ్వు,” అన్నాడు. బుట్టలో మిగిలిన ఆఖరి కుండ నా చేతికిచ్చాడు. పొయ్యి ఉన్న చోటుకి కొంచెం పక్కగా జారవిడిచాను.

17వ రోజు. నీరు 31. గాలి నైరుతి.
చేప – వాళ్ళు చెప్పింది: నలభై పడవలు, నిజం. నేను చూసింది: అదే.

సుహాస్ వచ్చాడు. ఇడ్లీలు కూడా తెచ్చాడు. పటం చూసి అతని కళ్ళు మెరిశాయి. ఇంత వివరమైన పటం ఈ తీరంలో ఏ ఊరూ ఇవ్వలేదన్నాడు. మగవాళ్ళు తామే చెప్పినట్టు ఛాతీలు విరుచుకుని నిలబడ్డారు. ఆడవాళ్ళు కత్తిపీటల దగ్గర్నుంచి తలలెత్తలేదు.

“నలభై ఉన్నాయి,” అన్నాడు సుహాస్. “నలభై ఒకటోది?”

అందరూ మా అయ్యవైపు చూశారు. ఆడపడుచు మెల్లగా అడిగింది: “పెద్దయ్యగారూ, గేలం ఎక్కడ వేశారు?”

“పాతూరి మీద తల్లీ. ఏటీ నేదు.”

లచ్చుమయ్య మావ నెత్తి కొట్టుకున్నాడు. “ఒరే దానయ్యా! ఊరంతా నిజం ఒప్పీసుకున్నాక కూడా నీకు అబద్దం ఒగ్గబుద్ది కానేదేటిరా!”

సుహాస్ నావైపు తిరిగాడు. “మీరు ధ్రువీకరించాలి. ఈయన నిజంగానే అక్కడికి వెళ్తున్నారా?”

“వెళ్తున్నాడు సార్. మొన్న నేనూ వెళ్ళి చూశాను.” ఇది నిజం.

“అక్కడ?”

మూడేళ్ళు ఈ జనాన్ని అబద్ధాలకోర్లని రాసినదాన్ని. నిజం గొంతుదాకా వచ్చింది. లచ్చుమయ్య మావ చెప్పినట్టే అక్కణ్ణుంచి వెనక్కి వెళ్ళిపోయింది.

“పాతూరి మీద ఏమీ లేదు సార్,” అన్నాను. “మొండిగోడలు, మా ఇల్లు. అంతే.”

సుహాస్ కళ్ళు తడయ్యాయి. తన రుమాలు తనే వాడుకున్నాడు. “నలభైమంది కోలుకున్నారు. ఒక్కరు మిగిలారు. అది సహజం,” అన్నాడు. నలభై ఒకటో చోటు దగ్గర “పాతూరు, చేప లేదు” అని నింపుకుని పటం తీసుకున్నాడు. రేవు మూసే ఉత్తరువు రద్దయింది. మా అయ్యకి మాత్రం ప్రతి మంగళవారం ఓదార్పు రాసిచ్చాడు, ఇడ్లీలతో సహా, కోలుకునేదాకా. కోలుకునే తొందర మా అయ్యలో నాకేమీ కనిపించలేదు.

ఊరు నిలిచింది. పడవలో బంతిమొక్కలు నాటరు. నేను ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను, నవ్వాను, ఏది ముందో తెలియలేదు.

18వ రోజు. నీరు 31. గాలి నైరుతి.
చేప – వాళ్ళు చెప్పింది: ఏమీ లేదు. నేను చూసింది: ఏమీ లేదు.

నిన్న వెళ్ళేముందు సుహాస్ ఈ పుస్తకం చూశాడు. చేతిరాతతో ఇంత రాశారా అని ముచ్చటపడి, వచ్చే మంగళవారం తీసుకెళ్ళి పూర్తిగా చదువుతానన్నాడు. కాగితాలు చింపుదామంటే శాఖవాళ్ళు పుటలకి అంకెలేసి ఇచ్చారు.

కాబట్టి చదివేవారికి మనవి. పదమూడో రోజు లేఖరికి ఎండదెబ్బ తగిలింది. ఆ రోజు సున్నం గురించీ, ఆ తర్వాత కుండల గురించీ, వంటింట్లో పండుగప్ప గురించీ రాసినవన్నీ జ్వరంలో రాసినవి. ఒక్క ముక్క నమ్మొద్దు. గనగళ్ల దానయ్య పేరు పక్కన మూడేళ్ళుగా ఉన్నదే ఇప్పటికీ సరైనది: రెండు అబద్ధాలు.

పాతూరి మీద ఏమీ లేదు. మీ ఇళ్ళల్లో పగిలిన కుండలుంటే మాత్రం పారెయ్యకండి. ఒడ్డు లేఖరికి ఇవ్వండి. మా పడవ ఈ మధ్య బాగా తేలికైపోయి ఊగుతోంది.